బిగువు ఎక్కడ, సడలింపు ఎక్కడ? యుద్ధవిద్యల్లో, సైకెడెలిక్ అనుభవాల్లో ఎంపికకు ఒక దారి

శరీరాన్ని బిగించి అడ్డుకోవాలా, వదులుగా ఉంచి వచ్చే బలాన్ని రానివ్వాలా? కరాటేకు వెళ్లాలా, జూడోకు వెళ్లాలా అని విజయవాడలోనో గుంటూరులోనో ఎవరైనా అడిగినప్పుడు ఆ ప్రశ్న అడుగున ఉన్నది ఇదే. ఈ మధ్య దీనికి తోడు మరో ప్రశ్న వినిపిస్తోంది. కొన్ని పుట్టగొడుగుల్లో ఉండే సైలోసైబిన్ అనే సైకెడెలిక్ (స్పృహను మార్చే) మందుతో విదేశాల్లో జరుగుతున్న మానసిక చికిత్స గురించి చదివిన యువతీయువకులు, ఏళ్లుగా పేరుకున్న దిగులు ఒక్క పూటలో కరిగిపోతుందా అని ఆశగా అడుగుతున్నారు. ఈ రెండూ సంబంధం లేని విషయాలుగా కనిపిస్తాయి. కానీ జూడో చాప మీద వెల్లకిలా పడబోయే విద్యార్థికీ, చికిత్స గదిలో కళ్లకు గంతలు కట్టుకుని పడుకున్న రోగికీ పక్కనున్నవారు చెప్పే మాట ఒకటే: బిగుసుకుపోవద్దు, ఊపిరి వదలండి.

నా తీర్పు ముందే చెబుతాను. బలం ఇంకా గడప బయట ఉన్నంతసేపు ఎదిరింపును ఎంచుకోండి. అది గడప దాటి లోపలికి వచ్చేశాక సడలింపును ఎంచుకోండి. చాలామందికి దెబ్బ తగిలేది ఈ వరుస తారుమారైనప్పుడే. రానివ్వకూడనిదాన్ని మొహమాటంతో రానిస్తారు, వచ్చేశాక భయంతో పెనుగులాడతారు.

చాప మీద

జూడోను జపాన్‌లో 1882లో జిగోరో కానో స్థాపించాడు. మంచి జూడో గురువు ఎవరైనా ముందు నేర్పేది పడడం. ఎదుటివాణ్ని విసరడం ఆ తర్వాతే. గడ్డాన్ని ఛాతీ వైపు దించి, ఊపిరి వదిలేస్తూ, చేతితో చాపను గట్టిగా చరుస్తూ పడాలి. చెప్పినంత సులభం కాదిది. కాళ్లు గాల్లోకి లేచిన క్షణంలో చెయ్యి తనంతట తానే చాచుకుని నేలను ఆపబోతుంది. మణికట్టు, మోచేయి, కాలర్ ఎముక విరిగేది ఎక్కువగా అలాగే. విసురు మొదలై శరీరం నేల వదిలేశాక దాన్ని ఆపే మార్గం ఇక లేదు. అప్పుడు చేయగలిగింది తాకిడిని ఒళ్లంతా పంచుకోవడం, తలను కాపాడుకోవడం.

అదే జూడోలో విసురుకు ముందు జరిగేదంతా ఎదిరింపే. పట్టు కోసం పెనుగులాట, ఎదుటివాడి చేతిని కాలర్ దాకా రానివ్వకపోవడం, నడుము దించి నిలదొక్కుకోవడం. ఈ దశలో మెత్తగా ఉండిపోయినవాడు గాల్లో తేలడం ఖాయం. అందుకే జూడో మెత్తనిది, కరాటే గట్టిది అనే విభజన మీద నాకు నమ్మకం లేదు. రెండింటిలోనూ రెండూ ఉన్నాయి, ఏది ముందు నేర్పుతారన్నదే తేడా.

కరాటేలో బిగువు పరాకాష్ఠ చూడాలంటే సాంచిన్ అనే కటాను (ముందే నిర్ణయించిన కదలికల వరుసను) చూడండి. చోజున్ మియాగీ (1888–1953) రూపుదిద్దిన గోజు-ర్యూ శాఖకు ఇది ప్రాణం. పాదాల వేళ్ల నుంచి మెడ దాకా కండరాలు బిగించి, బలంగా వినిపించే శ్వాసతో, నెమ్మదిగా అడుగులు వేస్తారు. గురువు వెనక నుంచి వచ్చి భుజాల మీద, తొడల మీద చరిచి ఎక్కడ వదులైందో చూస్తాడు. మన ప్రాంతంలో బలం అనగానే మనసులో మెదిలే బొమ్మ కూడా ఇలాంటిదే. ఛాతీకి చుట్టిన ఇనుప గొలుసును ఊపిరి బిగించి తెంచిన కోడి రామ్మూర్తి నాయుడి కథ వింటూ పెరిగిన తెలుగువారికి కండ బిగించడమే వీరత్వంగా అనిపించడంలో ఆశ్చర్యం లేదు.

అయితే వేగంగా కొట్టాల్సి వచ్చినప్పుడు శరీరం చేసే పని వేరు. కెనడాలోని వాటర్లూ విశ్వవిద్యాలయానికి చెందిన స్టువర్ట్ మెక్‌గిల్ బృందం మిశ్రమ యుద్ధకళల్లో ఆరితేరిన క్రీడాకారుల కండరాల విద్యుత్ సంకేతాలను కొలిచి 2010లో ఫలితాలు ప్రచురించింది. దెబ్బ మొదలయ్యేటప్పుడు నడుము కండరాలు ఒకసారి బిగుసుకున్నాయి. చెయ్యి, కాలు దూసుకుపోయేటప్పుడు సడలాయి. తగిలే క్షణంలో మళ్లీ బిగుసుకున్నాయి. మధ్యలోని ఆ సడలింపు వల్లే వేగం వచ్చింది. మొదటి నుంచి చివరి దాకా బిగబట్టి కొట్టేవాడి కండరాలు ఒకదాన్నొకటి వెనక్కి లాక్కుంటాయి. అనుభవం ఉన్న శిక్షకులు "భుజాలు వదులు" అని పదే పదే అరిచేది ఇందుకే. ఈ బిగింపు–సడలింపు–బిగింపు వరుసను ఏ గురువు విడమరిచి నేర్పగలడో, ఆయన శాఖ పేరు ఏదైనా సరే, నేను ఆయన దగ్గరికే పంపుతాను.

ఎవరికి ఏది

మన రెండు నగరాల్లో యుద్ధవిద్య తరగతులకు వచ్చేవారిలో విద్యార్థులు ఎక్కువ. పొద్దున్నుంచి రాత్రి దాకా బల్ల ముందు వంగి కూర్చునే ఇంటర్మీడియట్ పిల్లల భుజాలు చెవుల దగ్గరికి వచ్చేసి ఉంటాయి. దవడ బిగుసుకుని ఉంటుంది, శ్వాస ఛాతీ పైభాగంలోనే ఆగిపోతుంది. ఇలాంటి పిల్లవాణ్ని, అమ్మాయినైనా సరే, బెల్టుల కోసం కటాలు బట్టీ పట్టించే చోట చేర్పిస్తే చదువులోని బిగువే ఇక్కడా కొనసాగుతుంది. వీరికి నా ఓటు జూడోకు, లేదా మంచి వస్తాదు ఉన్న తాలింఖానాలో కుస్తీకి. రోజూ పడి లేవడంలో శరీరానికి ఒక నమ్మకం వస్తుంది. పడినా ఏమీ కాలేదని ఎవరో చెప్పడం వేరు, వీపు తెలుసుకోవడం వేరు.

దీనికి పూర్తిగా ఎదురుగా ఉండేవారూ ఉన్నారు. ఎవరేమన్నా సరేననేవారు, "వద్దు" అనే మాట గొంతులోనే ఆగిపోయేవారు, బస్సులో ఎవరైనా మీద పడుతుంటే తామే ముడుచుకుపోయేవారు. వీళ్లకు మెత్తదనం మరింత నేర్పడం అన్యాయం. గట్టిగా నిలబడి, గొంతెత్తి అరిచి, ఎదురుగా ఉన్న ప్యాడును బలంగా గుద్దే విద్య కావాలి. కరాటే, బాక్సింగ్, తైక్వాండో, మన కర్రసాము, ఏదైనా ఫరవాలేదు. గతంలో దౌర్జన్యానికి గురైనవారికి మొదటి రోజే ఒకరి మీద ఒకరు పడి పట్టుకునే విద్య భయాన్ని తిరగదోడవచ్చు. దూరం నుంచి కొట్టే విద్యతో మొదలుపెట్టడం మేలని నా నమ్మకం.

రక్తపోటు, గుండె జబ్బు ఉన్నవారు ఊపిరి బిగబట్టి కండరాలు బిగించే సాధనలు వైద్యుడిని అడగకుండా చేయవద్దు, ఆ సమయంలో రక్తపోటు బాగా పెరుగుతుంది. పెద్ద వయసువారికి నెమ్మది కదలికల చైనా విద్య తాయ్ చీ మంచిది. వృద్ధులు తూలి పడిపోవడాన్ని అది తగ్గిస్తుందని చాలా అధ్యయనాల్లో తేలింది. ఇక మే నెల ఎండల్లో ఏ విద్య అయినా తెల్లవారుజామునే.

సడలింపు పేరు మీద జరిగే ఒక పొరపాటును మాత్రం వివరంగా చెప్పాలి. కొన్ని చోట్ల గురువు వేలితో తాకితే శిష్యులు అల్లంత దూరం ఎగిరి పడుతుంటారు. అందరూ సహకరిస్తున్నారు కాబట్టి అక్కడ అంతా సజావుగా, అందంగా సాగుతుంది. నిజంగా అడ్డుపడే మనిషి ఎదురైన రోజు ఆ సడలింపు నిలబడుతుందో లేదో ఆ తరగతిలో ఎవరికీ తెలియదు. జూడోలో రాండోరి ఉంటుంది. ఇద్దరూ ఒకరినొకరు నిజంగానే విసరడానికి, విసరనివ్వకుండా ఉండడానికి ప్రయత్నిస్తారు. కుస్తీలో పట్టు కూడా అంతే. సడలింపు నేర్పుతామనే చోట ఎదిరించే తోటి సాధకుడు ఉన్నాడా అని మొదట చూడండి. లేకపోతే అది వ్యాయామంగా మంచిదే కావచ్చు, యుద్ధవిద్యగా మాత్రం నేను ఎంచుకోను.

గడప లెక్క పనిచేయని చోటు ఒకటుంది. మెడకు ఉచ్చు పట్టు సరిగ్గా పడితే కొన్ని సెకన్లలోనే స్పృహ తప్పుతుంది. మోచేతి కీలు పట్టు పూర్తయితే కీలు పోతుంది. అక్కడ పంతం పట్టి ఎదిరించడమూ, వదులుగా పడి ఉండడమూ రెండూ ప్రమాదమే. వెంటనే రెండుసార్లు తట్టి ఓటమి ఒప్పుకోవాలి. తట్టిన వెంటనే వదలని తోటివారు ఉన్న చోట ఒక్క రోజు కూడా ఉండవద్దు.

మందు లోపలికి వెళ్లాక

ఎల్‌ఎస్‌డీ అనే సైకెడెలిక్ మందు విషయంలో ఎదిరింపు ఏం చేస్తుందో మొట్టమొదట చూసినవాడు రసాయన శాస్త్రవేత్త ఆల్బర్ట్ హాఫ్‌మన్. స్విట్జర్లాండ్‌లోని బాసెల్‌లో తాను 1938లో తయారుచేసిన ఎల్‌ఎస్‌డీని 1943 ఏప్రిల్ 19న తన మీదే పరీక్షించుకున్నాడు. సైకిల్ మీద ఇంటికి చేరేసరికి గది తిరుగుతోంది, పాలు తెచ్చిన పొరుగింటామె మంత్రగత్తెలా కనిపించింది. తన ఇచ్ఛాశక్తినంతా కూడగట్టి దాన్ని ఆపాలని చూశాడు, ఏదీ ఫలించలేదు. వైద్యుడు వచ్చి చూస్తే కనుపాపలు విప్పారడం తప్ప శరీరంలో తేడా ఏమీ కనిపించలేదు. ప్రాణానికి ముప్పు లేదని నమ్మకం కుదిరాక భయం మెల్లగా సడలింది. ఆ తర్వాత కళ్లు మూసుకుని, లోపల కదిలే రంగులను ఆనందంగా చూశాడు. మందు అదే, మనిషి అతడే. మారినది అతడి ఎదిరింపు, దానికి కారణం పక్కన ఒక వైద్యుడు ఉండడం.

నేటి పరిశోధనలు ఈ పాఠం మీదే కట్టినవి. అమెరికాలోని జాన్స్ హాప్‌కిన్స్‌లో రోలండ్ గ్రిఫిత్స్ బృందం 2006లో సైలోసైబిన్ అధ్యయనం ప్రచురించింది. అలాంటి పరిశోధనల్లో పాల్గొనేవారికి ముందే చాలా గంటల సన్నాహం ఉంటుంది. మందు ఇచ్చిన రోజు కళ్లకు గంతలు, సంగీతం, పక్కనే శిక్షణ పొందిన ఇద్దరు మనుషులు. భయంకర రూపం ఏదైనా ఎదురైతే పారిపోవద్దని, దానివైపే చూడమని ముందే నేర్పుతారు. సైలోసైబిన్ ప్రభావం నాలుగు నుంచి ఆరు గంటలు, ఎల్‌ఎస్‌డీది అంతకంటే చాలా ఎక్కువ. మెదడులోని సెరొటోనిన్ గ్రాహకాలకు మందు అతుక్కున్నాక 'ఇక చాలు' అంటే అది ఆగదు. లండన్ ఇంపీరియల్ కళాశాల పరిశోధకులు 2018లో ప్రచురించిన ఫలితాల్లో, మందులకు లొంగని దిగులుతో బాధపడుతున్నవారిలో ఎవరికి తాము కరిగిపోతున్నామన్న భీతి తక్కువగా, విశాలమైన ఐక్యభావం ఎక్కువగా కలిగిందో వారికే తర్వాత మేలు ఎక్కువ జరిగింది.

ఇంతవరకు చదివి, అయితే సడలించుకుంటే సరిపోతుంది కదా అనుకోవద్దు. గదిలో ఎవరూ లేకుండా, ఎంత మోతాదో తెలియకుండా తీసుకున్నవారి సంగతి వేరు. సైలోసైబిన్ పుట్టగొడుగులతో కష్టమైన అనుభవం ఎదుర్కొన్న 1,993 మందిని ప్రశ్నించి 2016లో ప్రచురించిన సర్వేలో 39 శాతం మంది దాన్ని తమ జీవితంలోని అతి కష్టమైన ఐదు అనుభవాల్లో ఒకటిగా చెప్పారు. 11 శాతం మంది తమనో ఇతరులనో శారీరక ప్రమాదంలోకి నెట్టారు. కుటుంబంలో స్కిజోఫ్రీనియా, బైపోలార్ జబ్బు ఉన్నవారిని పరిశోధకులు అధ్యయనాల్లో సాధారణంగా చేర్చుకోరు. ఆ జబ్బు తలుపు ఒకసారి తెరుచుకుంటే సడలింపు దాన్ని మూయలేదు.

మన దేశంలో ఎల్‌ఎస్‌డీ, సైలోసైబిన్, డీఎంటీ, ఎండీఎంఏ లాంటి మందులన్నీ 1985 నాటి ఎన్‌డీపీఎస్ (మాదకద్రవ్యాల నియంత్రణ) చట్టం కిందికి వస్తాయి. ఎల్‌ఎస్‌డీకి చట్టం వాణిజ్య పరిమాణంగా లెక్కించేది గ్రాములో పదోవంతు మాత్రమే. ఆ పరిమాణంతో దొరికి నేరం రుజువైతే కనీస శిక్ష పదేళ్ల జైలు. ఎల్‌ఎస్‌డీ పేరుతో అమ్మే కాగితపు ముక్క మీద ఏ రసాయనం ఉందో అమ్మినవాడికే తెలియని సరుకు కోసం, ఇరవై ఏళ్ల పిల్లవాడు అంత పణంగా పెట్టడం చూస్తే నాకు గుండె తరుక్కుపోతుంది. ఆస్ట్రేలియాలో 2023 జులై నుంచి అనుమతి పొందిన మానసిక వైద్యులు సైలోసైబిన్‌ను, ఎండీఎంఏను కొన్ని జబ్బులకు రాయవచ్చు. ఆ గదిలో ఉన్న మందు, వైద్యుడు, సన్నాహం మూడూ ఇక్కడ లేవు. కాబట్టి ఇక్కడ ఈ ఎంపికలో నా సలహా స్పష్టం: ఇది గడప బయటే ఆపాల్సినది. స్నేహితులు ఎంత బతిమాలినా ఎదిరించండి.

రోడ్ల పక్కన, పొలం గట్ల మీద పెరిగే ఉమ్మెత్త గురించీ ఒక మాట. కొందరు దాన్ని ఈ కోవలోకే చేరుస్తారు. అది వేరే జాతి విషం. అట్రోపిన్, స్కోపోలమిన్ వల్ల గొంతు ఎండిపోయి, ఒళ్లు కాలిపోయి, గుండె పరుగెత్తి, ఎక్కడున్నామో తెలియని సన్ని పడుతుంది. ప్రాణాలూ పోతాయి. తిన్నట్టు తెలిస్తే తెల్లవారే దాకా ఆగకుండా ఆసుపత్రికి తీసుకెళ్లాలి.

ఇప్పటికే ఎవరైనా ఏదో తీసుకుని మీ ఎదుట భయంతో వణుకుతుంటే, అప్పుడు రెండో నియమం. తిట్టవద్దు, పట్టుకుని కుదిపి మామూలు మనిషిని చేయాలని చూడవద్దు. వెలుతురు, చప్పుడు తగ్గించి, మేడ అంచుకు, రోడ్డుకు, నీళ్లకు దూరంగా కూర్చోబెట్టండి. ఇది మందు వల్ల వచ్చింది, తగ్గిపోతుంది, నేను ఇక్కడే ఉన్నాను అని నెమ్మదిగా చెబుతూ ఉండండి. జ్వరం, మూర్ఛ, గుండె దడ, స్పృహ తప్పడం, తనకో ఇతరులకో హాని చేసుకోబోవడం, వీటిలో ఏది కనిపించినా 108కి ఫోను చేయండి. ఏం తీసుకున్నారో వైద్యుడి దగ్గర దాచవద్దు.

మందు లేకుండా ఆ పాఠం

లోపలికి వచ్చిన బలం ముందు సడలడం నేర్చుకోవాలన్న కోరిక నిజమైనదైతే చట్టం అడ్డురాని దారులు దగ్గర్లోనే ఉన్నాయి. నేను మొదట చెప్పేది విపశ్యన ధ్యానం. విజయవాడ నుంచి ఏలూరు దాటాక విజయరాయిలో ధమ్మ విజయ కేంద్రం ఉంది. ధ్యాన గురువు గోయెంకా సంప్రదాయంలో పది రోజుల శిబిరాలకు రుసుము ఉండదు. అక్కడ కొన్ని రోజులు గడిచాక గంట సేపు కదలకుండా కూర్చునే అధిష్ఠానం మొదలవుతుంది. మోకాలి నొప్పి వస్తుంది, పెరుగుతుంది. లేచిపోవాలన్న కోరికను ఎదిరించాలి, నొప్పిని మాత్రం ఎదిరించకూడదు. బిగువూ సడలింపూ ఒకే గంటలో, ఒకే ఒంట్లో పక్కపక్కన పనిచేయడాన్ని ఇంత స్పష్టంగా చూపించే సాధన నాకు మరొకటి తెలియదు. తీవ్రమైన మానసిక జబ్బు ఉన్నవారికి ఈ శిబిరం తగదు, ఆ సంగతి దరఖాస్తులో దాచకూడదు.

పది రోజులు వెళ్లలేనివారికి ఎడ్మండ్ జేకబ్సన్ 1920లలో రూపొందించిన కండరాల సడలింపు పద్ధతి చాలు. పిడికిలి కొన్ని క్షణాలు బిగించి వదలాలి, తర్వాత భుజాలు, ముఖం, పొట్ట, కాళ్లు. బిగువు అంటే ఏమిటో తెలిశాకే సడలింపు తెలుస్తుందన్నది ఇందులోని మెలకువ. పతంజలి కూడా ఆసనం స్థిరంగా, సుఖంగా ఉండాలని చెప్పిన వెంటనే తర్వాతి సూత్రంలో ప్రయత్నశైథిల్యం అన్నాడు. స్థిరత్వం పోకుండా ప్రయత్నం సడలాలి, రెండూ కలిసే.

వేగంగా శ్వాస తీసి స్పృహను మార్చే పద్ధతులు ఇంకో రకం. ఎల్‌ఎస్‌డీపై నిషేధం వచ్చాక, 1970లలో స్టానిస్లావ్, క్రిస్టినా గ్రాఫ్ దంపతులు హోలోట్రోపిక్ శ్వాసను రూపొందించారు. రక్తంలో కార్బన్ డయాక్సైడ్ తగ్గి చేతి వేళ్లు కొంగర్లు పోతాయి. ఆ బిగువును ఆపకుండా కావాలనే ఇంకా పెంచి, తర్వాత వదలమంటారు. పద్ధతిగా ఆసక్తికరమైనదే. మూర్ఛ, గుండె జబ్బు, గర్భం ఉన్నవారికి మాత్రం నిషిద్ధం. ఆరోగ్యం గురించి ఒక్క ప్రశ్న అడగకుండా వందమందిని హాల్లో పడుకోబెట్టే శిబిరాలకు వెళ్లవద్దు.

గుంటూరుకు దగ్గర్లోని అమరావతి స్తూపపు పలకల్లో నాలాగిరి ఏనుగును బుద్ధుడు శాంతింపజేసే వృత్త శిల్పం ఒకటి ఇప్పుడు చెన్నై ప్రభుత్వ మ్యూజియంలో ఉంది. ఒకవైపు మదమెక్కిన ఏనుగు వీధిలో బీభత్సం సృష్టిస్తుంటే, మరోవైపు అదే ఏనుగు మోకరిల్లి ఉంటుంది. దీన్ని చూపించి అంతా వదిలేస్తే అంతా లొంగుతుందని చెప్పేవారున్నారు. ఆ శిల్పి భయంతో చెదిరిపోతున్న జనాన్ని కూడా అంతే శ్రద్ధగా చెక్కాడు. ఏనుగు ఎదురొస్తుంటే తప్పుకోవడం మనలాంటివారికి తగిన పని.

"లొంగిపో" అనే గురువు

చాప మీదైనా, ధ్యానమందిరంలోనైనా, చికిత్స గదిలోనైనా సడలింపు నేర్పేవాడి చేతిలో పెద్ద అధికారం ఉంటుంది. నీలోని ఎదిరింపే నీ జబ్బు అని ఒప్పిస్తే, ఆ తర్వాత శిష్యుడు చెప్పే ప్రతి "వద్దు"నూ జబ్బు లక్షణంగా కొట్టిపారేయవచ్చు. ఇది ఊహ కాదు. ఎండీఎంఏ చికిత్సకు సంబంధించిన మూడు పరిశోధన పత్రాలను 2024 ఆగస్టులో ఒక వైద్య పత్రిక ఉపసంహరించుకుంది. చికిత్సకులు రోగి పట్ల అనైతికంగా ప్రవర్తించడం దానికి ఒక కారణం. అనుభవానికి సడలడం వేరు, మనిషికి లొంగడం వేరు. మొదటిది నేర్పే గురువు రెండోది అడగడు.

చేరేముందు ఒక తరగతి ఊరికే కూర్చుని చూస్తానని అడగండి, ఒప్పుకోని చోటును వదిలేయండి. విద్యార్థి తట్టినప్పుడు గురువు ముఖం చూడండి. గాయపడినవారిని విశ్రాంతి తీసుకోమంటున్నారా, ఓర్చుకోమంటున్నారా వినండి. ఆడపిల్లలను పట్టు చూపించడానికి పిలిచే ముందు అడుగుతున్నారా గమనించండి. ఫీజు, బెల్టు పరీక్షల ఖర్చు ఆ తర్వాతి సంగతి.

ఇప్పటికీ ఏదీ తేల్చుకోలేకపోతే, వారంలో మూడు ఉదయాలు జూడోనో కుస్తీనో, రోజూ రాత్రి పడుకునే ముందు జేకబ్సన్ సడలింపు. సెలవులు దొరికినప్పుడు విజయరాయి. దిగులు, భయం రోజువారీ పనులకు అడ్డుపడుతుంటే వీటన్నిటికంటే ముందు ప్రభుత్వ మానసిక ఆరోగ్య సహాయవాణి టెలీ మానస్ నంబరు 14416. రుసుము లేదు, ఏ వేళలోనైనా తెలుగులోనే మాట్లాడవచ్చు.